పైలటు వచ్చేదాకా

మొదటి వారం ఉప్పు కరిగిపోయింది.
ఆదోని నుంచి సీసాలో పోసుకొచ్చిన ఉప్పు.
మూత బిగించే ఉంది,
అయినా అడుగున ఎవరో ఏడ్చినట్టు తడి.

రెండో వారం తాళం.
చెవి లోపలికి పోయింది, తిరగలేదు.
రాత్రి తొమ్మిదింటికి కోటవీధి మెట్ల మీద
టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని
నా గది బయట నేను.

కింద వాటా ఆమె తలెత్తి చూసింది.
"ఏటమ్మా, అలాగుండిపోనావు?"
"తాళం రాలేదవ్వా."
"అవ్వేటి? అప్పుడే ముసల్దాన్ని చేసీసేవా?"
కొబ్బరినూనెలో కోడి ఈక ముంచి
తాళం గొంతు తడిపింది.
"ఇక్కడ ఇనుముక్కూడా దాహమేస్తాది."
ఉప్పులో నాలుగు బియ్యపు గింజలు వెయ్యమంది.

మా ఊళ్లో నీళ్లకు పేర్లుంటాయి.
ట్యాంకరు నీళ్లు, బోరు నీళ్లు,
మంగళవారం కొళాయి నీళ్లు.
ఇక్కడ కిటికీ తీస్తే
బిందె ఎక్కడ పెట్టాలో తెలియనన్ని నీళ్లు.
భయమేసి మూసేశాను.

వీధులు కూడా నేల మీద పడుకోవు.
ఎక్కుతాయి, లేకపోతే దిగుతాయి.
చదును పుట్టుక నా మోకాళ్లది,
దర్గా కొండ వైపు చూస్తేనే మూలిగేవి.

కాటా దగ్గర నా ఉద్యోగం.
లారీ బొగ్గుతో ఎక్కుతుంది, ఖాళీగా ఎక్కుతుంది,
మధ్య తేడా చీటీ మీద రాస్తాను.
సాయంత్రం ముక్కు తుడుచుకుంటే రుమాలు నలుపు.
"బిరీన పోనీ" అంటే
డ్రైవర్లు మొహం చూసేవాళ్లు.
బేగి అనాలట.
తొందర ఒకటే, దాని కూత వేరు.

రాత్రుళ్లు డాబా ఎక్కి
ఓడల దీపాలు లెక్కపెట్టేదాన్ని.
ఒకరోజు ఏడు. ఒకరోజు పదకొండు.
కొత్త చుట్టాల గుమ్మంలో
చెప్పులు విప్పాలో వద్దో తెలియక నిలబడ్డట్టు
అన్నీ అక్కడే, దూరంగా.

"అవెందుకు లోపలికి రావు?"
ఆదివారం పొద్దున్న, నెత్తళ్లు ఎండబోస్తున్న ఆమెని అడిగాను.
"ఎంత లావు ఓడైనా దానంతటది రాదమ్మా.
ఎన్ని తుఫాన్లు దాటొచ్చినోడైనా
ఇక్కడికొచ్చి ఆగాల.
ఇక్కడోడు ఒకడు చిన్న పడవ మీదెల్లి
తాడు నిచ్చెనెక్కి
అటు రాయుంది, ఇటు ఇసకుంది అని చెప్తేగానీ
కాలవలో అడుగెట్టదు.
పైలటంటారు.
మా ఇంటాయన ముప్పయ్యేళ్లు ఆ చిన్న పడవే నడిపేడు."

అంతసేపు మాట్లాడాక గుర్తొచ్చినట్టు
"నీ పేరేటి?" అంది.
"హుస్సేనమ్మ."
ఆమె చెయ్యి చేపల మీద ఆగింది.
"నేను మసేనమ్మని.
మసేనమ్మ, ఉస్సేనమ్మ..."
ఒకే గరిటెతో రెండు కంచాల్లో వడ్డించినట్టు
రెండుసార్లు అనుకుంది.
"నాది మా తాత పేరు. సముద్రంలో పోయేడు.
నీది?"
"నాది పీరు పేరు.
ఎడారిలో. నీళ్లు లేక."

ఆమె ఏమీ అనలేదు.
చేతులు కడుక్కుని లోపలికెళ్లి
చెంబుతో మంచినీళ్లు తెచ్చి నా చేతిలో పెట్టింది.
నాకు దాహంగా లేదు.
మొత్తం తాగాను.

ఇది జరిగి ఎన్నాళ్లయిందో
బియ్యపు గింజలు ఎన్నిసార్లు మార్చానో
లెక్క రాసుకోలేదు.

నిన్న అక్క ఫోన్ చేసింది.
"సముద్రం ఎట్లుందే?"
"ఈ రోజు కాస్త చికాగ్గా ఉంది" అన్నాను,
ఇంట్లో మనిషి గురించి చెప్పినట్టు.
పొయ్యి మీద చారు పొంగుతోంది.
"బేగి చెప్పక్కా, చారు పోతాంది."
అటువైపు కాసేపు మాట లేదు.
"బేగి అంటే ఏంది?"

తెరిచిన కిటికీలో
నా లెక్కకు ఒక దీపం తగ్గింది.
ఉండు చెప్తా, అన్నాను,
ముందు ఉప్పు సరిపోయిందో లేదో చూడనీ.